బండి కదలుటకు ముందు



రాజులు దండెత్తి పోయిన దారులను గూర్చియు, వారు కట్టించిన కోటలను గూర్చియు మన చరిత్రకారులు విస్తారముగా వ్రాసియున్నారు. ఆ దండులకు ధాన్యము మోసిన ఎద్దులను గూర్చి గాని, బండ్లను గూర్చి గాని వ్రాసినవారు అరుదు. తెల్లవారుజామున లేచి, ఇరుసు చూచి, సీల చూచి, "ఇక సాగవచ్చును" అని చెప్పిన బండివానిని గూర్చి వ్రాసినవారు మరియు అరుదు. ఆ ఒక్క మాట మీదనే దండు నడిచెను, సంత నడిచెను, పెండ్లి నడిచెను.

నేడు లారీ నడుపుటకు లైసెన్సు కోరు పడుచువాడు బండి కదలుటకు ముందు చేయవలసిన పరీక్షను పాఠముగా చదువుకొనుచున్నాడు. ఇది పరదేశమునుండి వచ్చిన క్రొత్త చదువని మనలో కొందరి తలంపు. ఇది క్రొత్తది కాదనియు, మన కరవు మెట్టలో తరతరములుగా నున్న విద్యయే యనియు, ఐనను కాలక్రమమున దీనియందు ముఖ్యమైన మార్పు ఒకటి వచ్చినదనియు మనవి చేయుటకే ఈ ప్రసంగము. ఆ మార్పు ఏమన, పూర్వము "ఇరుసు విరిగినది" అనినచో బండివాని తప్పు తీరిపోయెడిది. నేడు "అది విరుగబోవుచున్నదని నీవు ముందే చూడగలిగియుండవా?" అని ధర్మాసనము మరల ప్రశ్నించుచున్నది. ఈ రెండు మాటల నడుమ రెండువేల యేండ్ల చరిత్ర యున్నది.

ముందుగా మన సీమ సంగతి. మడకశిర ప్రాంతము పటములో చూచినవారికి ఒక విశేషము తోచును. ఇది మూడు వైపుల కన్నడదేశముచే చుట్టబడి, తెలుగుదేశము చాచిన చేయివలె నున్నది. పడమట శిర, ఉత్తరమున పావగడ, దక్షిణమున మధుగిరి, తూర్పున హిందూపురము. రొళ్ల, అగళి, గుడిబండ, అమరాపురము మొదలగు గ్రామములలో తెలుగు కన్నడములు రెండును ఇంటిభాషలే. ఒకప్పుడు నోలంబరాజులకు రాజధానియై యుండిన హేమావతి ఇచ్చటనే యున్నది. 1882లో అనంతపురము జిల్లా యేర్పడిన తరువాత చిరకాలము అందులో నుండిన మడకశిర, 2022 ఏప్రిలు మాసమునుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిదైనది. పేరు మారినను వాన మారలేదు. చెరువు క్రింద కొబ్బరి, పోక తోటలున్న చోట్ల కొంత పచ్చదనము కలదు గాని, మిగిలిన భూమి యంతయు ఆకాశము వంక చూచు మెట్టయే. ఇట్టి చోట పండినదానిని బయటికి పంపవలయును, పండనిదానిని బయటినుండి తెచ్చుకొనవలయును. కావున మోతయే ఇచ్చటి బ్రతుకునకు ఆధారము. నదులు గల సీమలో పడవ కెంత విలువయో మనకు బండి కంత విలువ.

మొదట మనకు బండికంటె కంట్లపు ఎద్దే ముఖ్యము. బాటలు లేని కాలమున లంబాడీలు వందలకొలది ఎద్దులను తోలుకొని, సముద్రతీరపు ఉప్పును మెట్టసీమకు తెచ్చి, ఇచ్చటి ధాన్యమును ప్రత్తిని తిరిగి కొనిపోవుచుండిరి. మైసూరు యుద్ధములలో ఉభయపక్షముల సేనలకును ధాన్యము మోసినవారు వారే. బిడారు లేచుటకు ముందు ఎద్దు వీపు తడిమి చూచుట, పుండు గలదేని ఆ యెద్దునకు బరువు తగ్గించుట, కంట్లము రెండు వైపుల సమతూకముగా నున్నదా యని చేతితో ఎత్తి చూచుట, గిట్టలలో ముల్లు గాని రాయి గాని యున్నదేమో చూచుట తప్పనిసరి. ఒక వైపు బరువు మిక్కుటమైన కంట్లము మొదటి ఆమడలోనే వీపు ఒరయును, రెండవ ఆమడలో పుండగును, మూడవ దినమున ఎద్దు పడిపోవును. ఇది యే గ్రంథమునను వ్రాసిన పరీక్ష కాదు. తండ్రి కుమారునకు చేతితో చూపిన పరీక్ష.

బాటలు బాగుపడిన కొలది బండ్లు హెచ్చెను. బండి వచ్చుటతో చూడవలసిన అవయవములు పెరిగెను. ఎద్దు ప్రాణమున్నది గావున తన బాధను నడకతో తెలుపును. కొయ్యకు నోరు లేదు. దాని బాధను మనుష్యుడే వెదకి తెలిసికొనవలయును. మన పెద్దలు దీనికి చక్కని క్రమము నేర్పరచుకొనిరి. మొదట చక్రము కదల్చి కుండకును ఇరుసునకును నడుమ ఎంత సందు పడినదో చూతురు. ఆకులు వదులైనవేమో చేతితో తట్టి విందురు. గట్టి ఆకు గణగణలాడును, వదులైనది బొదబొదమనును. ఎండకాలమున కొయ్య ఎండి, ఇనుపపట్టా జారునేమో యని చక్రమును నీటిలో నానవేయుదురు. సీల తన రంధ్రమున గట్టిగా కూర్చున్నదా, నొగకు పగులున్నదా, కాడికి కట్టిన త్రాళ్లు చివికినవా, ఎద్దుల లాడములు అరిగినవా అని వరుసగా చూతురు. కడపట బండి క్రింద వ్రేలాడు వెదురుగొట్టమునుండి కందెన తీసి ఇరుసునకు పూయుదురు. ఇంతయు ఐన పిదపనే బస్తాలు ఎక్కించుట. బరువు ఎక్కించిన తరువాత చక్రము క్రింద చూచుట తెలివితక్కువ యని వారు చెప్పుచుండిరి.

ఈ మోత యెంత ప్రాణాధారమో 1876వ సంవత్సరమున ఆరంభమై 1878 వరకు సాగిన మహాక్షామము చూపినది. ధాత నామ సంవత్సరమున వచ్చుటచే మనవారు దానిని ధాత కరవనిరి. అప్పటికి మద్రాసునుండి గుత్తి మీదుగా పోవు రైలుమార్గ మున్నది గాని, మన హిందూపురమునకు ఇంకను రైలు రాలేదు. అది వచ్చుటకు మరియొక పదునైదేండ్లు పట్టెను. స్టేషనులలో దిగిన ధాన్యము గ్రామములకు చేరవలయునన్నచో బండ్లు కావలయును. బండ్లకు ఎద్దులు కావలయును. మేత లేక, నీరు లేక ఎద్దులు ముందే చచ్చెను. ధాన్య మొకచోట, ఆకలి మరియొకచోట నుండెను. ఇట్టి వేళ ఒక బండి దారిలో ఇరుసు విరిగి నిలిచెనన్నచో అది యొక బండివాని నష్టము మాత్రమే కాదు, ఒక పల్లె కంటిచూపు ఆ దారిమీదనే నిలిచిపోవుట. కరవుసీమలో బండిని చూచుకొనుట ధర్మమగుటకు ఇదియే మూలము.

ఇక శాస్త్రమేమి చెప్పినదో విచారింతము. మనుస్మృతి అష్టమాధ్యాయమున బండివలన కలుగు హింసను గూర్చి విపులమైన విచారణ యున్నది. పది సందర్భములలో బండివానికి గాని, యజమానునకు గాని దండన లేదని స్మృతికారుడు చెప్పెను. పశువు ముకుత్రాడు తెగుట, కాడి విరుగుట, బండి ప్రక్కకు తిరుగుట, వెనుకకు మరలుట, ఇరుసు విరుగుట, చక్రము విరుగుట, తోలుకట్లు తెగుట, కాడిపలుపు తెగుట, పగ్గము తెగుట అనునవి తొమ్మిది. పదియవది మిక్కిలి చిత్రమైనది. "తొలగుము, తొలగుము" అని తోలువాడు కేక వేసినను ఎదుటివాడు తొలగనిచో తోలువానికి దండన లేదు. నేటి మోటారుకు హారను ఏల ఉండవలయునో ఇందుచేతనే తేటపడుచున్నది.

ఈ పదింటిలో పెక్కు, వస్తువు చెడుటచే వచ్చినవి. విరిగినదానికి మనుష్యుని దండింపరాదని ఆ కాలపు భావము. ఐనను స్మృతికారుడు అంతటితో విడిచిపెట్టలేదు. తోలువాని నేర్పులేమిచే బండి దారి తప్పి హింస జరిగినచో యజమానునకు రెండువందల పణముల దండన. తోలువాడు నేర్పరియై యుండియు తప్పు చేసినచో దండన తోలువానిది. తోలువాడు నేర్పులేనివాడని యెరిగియు బండి నెక్కినవారందరును తలకొక నూరు పణములు చెల్లింపవలయును. ఈ కడపటి మాటను పెద్దలు మనసున నుంచుకొనవలయునని ప్రార్థించుచున్నాను. ఎక్కినవానికిని బాధ్యత యున్నదని మన ప్రాచీనులు ఎరుగుదురు. దీనిని నేను ముందు మరల ప్రస్తావింతును.

సీలను గూర్చి మరియొక ముచ్చట. దశరథుని రథము యుద్ధమధ్యమున సీల ఊడగా కైకేయి తన వ్రేలిని అడ్డుపెట్టి రథమును నిలిపెనని మన పల్లెలలో కథకులు చెప్పుదురు. వాల్మీకి రామాయణమున ఈ వ్రేలి కథ లేదు. గాయపడిన భర్తను ఆమె యుద్ధభూమినుండి తప్పించి కాపాడెనని మాత్రమే యున్నది. కాని జనులు కల్పించుకొన్న కథలో ఒక లోకానుభవ మున్నది. చూడక విడిచిన చిన్న సీల రెండు వరములకు, ఆ రెండు వరములు పదునాలుగేండ్ల వనవాసమునకు కారణమాయెను. బండి తోలు జాతివారు కాక మరెవ్వరు ఇట్టి కథను కట్టగలరు?

ఇక మోటారు కాలము. హిందూదేశమునకంతకు వర్తించు మొదటి మోటారు చట్టము 1914లో పుట్టెను. పాతికేండ్లకు, అనగా 1939లో, దానికంటె విపులమైన చట్టము వచ్చెను. మన జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. నైజాము రాజ్యమున 1932లో ప్రభుత్వమువారే 27 బస్సులతో ప్రయాణికుల రవాణా మొదలుపెట్టిరి. తరువాతి కాలమున, 1958 జనవరి 11న, ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడుటకు అది బీజము. మన వైపు మాత్రము చిరకాలము ప్రైవేటు బస్సులే.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవైనప్పుడు బొగ్గు బస్సులు వచ్చెను. బస్సు వెనుక పెద్ద కొలిమివంటి పాత్ర నిలిపి, అందు కట్టెబొగ్గు నింపి నిప్పు పెట్టి, చేతితో త్రిప్పు ఊదుడు యంత్రముతో గాలి కొట్టి, పుట్టిన వాయువుతో ఇంజనును నడుపుచుండిరి. ఆ బస్సు నిమిషములో కదలునది కాదు. బూడిద తీయవలయును, వడపోత శుభ్రము చేయవలయును, మూతలు బిగియవలయును, వాయువు పండువరకు కాచుకొనవలయును. ప్రయాణికులు విసుగుకొన్నను విధి లేదు. బండిని పూర్తిగా చూచినగాని అది కదలదు. పెట్రోలు, డీజిలు బండ్లు సులభముగా కదలుటయే వానిలోని అపాయము. చెడియున్నను కదలును. మీట త్రిప్పగానే గర్జించు యంత్రము సంపూర్ణారోగ్యముతో నున్నదని మనుష్యుడు భ్రమించును. ఇంజను ఆరోగ్యము వేరు, బ్రేకు ఆరోగ్యము వేరు. కదలించునది ఒకటి, ఆపునది మరియొకటి. కదలించునది చెడినచో ఇంటనే ఉందుము. ఆపునది చెడినచో ఇంటికి రాము.

ఇక నేటి శాసనము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 1989 జూలై 1నుండి అమలులోనికి వచ్చెను. దానితోడనే కేంద్ర నియమములును వచ్చెను. ఆ నియమములలో డ్రైవరులకు నేర్పవలసిన పాఠక్రమము వ్రాయబడియున్నది. అందు బండి నడుపుటకు ముందు చేయవలసిన పరీక్ష ప్రత్యేకముగా పేర్కొనబడినది. దానికి రెండు భాగములు. డ్రైవరు తన పీఠమున కూర్చుండుటకు ముందు చూడవలసినవి మొదటి భాగము. కూర్చుండిన పిదప చూడవలసినవి రెండవది. లైసెన్సు పరీక్షలో అభ్యర్థి చూపవలసిన నేర్పులలో మొదటివి వెనుక చూచు అద్దమును సవరించుకొనుటయు, ఇంజను నడిపించుటకు ముందు తగిన జాగ్రత్తలు తీసికొనుటయు. లారీవంటి రవాణా బండికి శిష్యుని లైసెన్సు కావలయునన్నచో ఇరువది యేండ్లు నిండవలయును, అంతకు ముందు ఒక యేడాదియైనను తేలికపాటి బండి లైసెన్సు కలిగియుండవలయును. ఎనిమిదవ తరగతి చదివియుండవలయునను నిబంధన కొంతకాల ముండి 2019లో తొలగింపబడెను.

ఆ చట్టమున 190వ సెక్షను మన విషయమునకు ప్రాణము. బండిలో అపాయకరమైన లోపమున్నదని ఎరిగియు నడిపినవాడు శిక్షార్హుడు. అంతియే కాదు, సాధారణమైన జాగ్రత్తతో చూచినచో తెలిసికొనగలిగియుండిన లోపముతో నడిపినవాడును శిక్షార్హుడే. తాను నడిపినవాడే కాదు, నడిపించిన యజమానుడును అంతే. 2019 సవరణ ననుసరించి జరిమానా 1500 రూపాయలు. ఆ లోపముచే ఒకరికి దెబ్బ తగిలినను, సొత్తు చెడినను మూడు నెలల వరకు ఖైదు గాని, 5000 రూపాయల జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. 1939 చట్టమునందును ఈ భావము ఉండెను. 1977లో ఒక లారీ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, యంత్రలోపముచే ప్రమాదము జరిగెనని చెప్పువాడే దానిని రుజువు చేయవలయునని తీర్పు చెప్పెను.

ఇప్పుడు స్మృతిని, చట్టమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. స్మృతి ఇరుసు విరిగినచో తప్పు లేదనెను. చట్టము ఇరుసు ఏల విరిగెనో విచారించుచున్నది. ఇది మన పూర్వుల బుద్ధి తక్కువయగుటచే కాదు. ఎద్దుబండి గంటకు రెండు మూడు మైళ్లు నడచును. విరిగినను బస్తాలు దొర్లును గాని ప్రాణములు పోవుట అరుదు. లారీ యన్ననో వందలకొలది బస్తాల బరువుతో గంటకు నలుబది మైళ్ల వేగమున పోవును. వేగము పెరిగిన కొలది క్షమ తగ్గెను. "రాత అట్లున్నది" అను మాటకు చోటు తగ్గి, "చూచితివా?" అను మాటకు చోటు పెరిగెను. శాస్త్రమునకు ఇది విరుద్ధము కాదు. నేర్పులేమికి దండన యని స్మృతియే చెప్పియుండెను గదా. నేడు చూచుటయే నేర్పులో మొదటి భాగమైనది.

ఈ చదువు ఎట్లు చదువవలయును? నా పూర్వశిష్యుడొకడు ఏడవ తరగతితో బడి మానినవాడు. వరుసగా వేరుసెనగ పంట పోగా, అప్పు తీర్చుటకు లారీ మీద క్లీనరుగా చేరెను. కొన్నియేండ్లకు లైసెన్సు తీయవలయునని పుస్తకము చేత పట్టుకొని నాయొద్దకు వచ్చెను. "అయ్యవారూ, భాగముల పేర్లు నలుబది యున్నవి. పది చెప్పునప్పటికి మొదటివి మరచిపోవుచున్నాను" అని వాపోయెను. నాకు లారీ విద్య రాదు. కంఠస్థము చేయు విద్య వచ్చును. అమరము చదువుకొన్నవారికి వరుస విలువ తెలియును.

"నాయనా, వినాయక చవితినాడు అంగపూజ చూచితివి గదా. పాదములతో మొదలిడి శిరస్సు వరకు వరుసగా ఒక్కొక్క అవయవమును పేర్కొని పూజింతురు. నడుమ మోకాలు తప్పిపోయెనని ఎవ్వరైన అందురా? వరుస యున్నది గనుక తప్పదు. గుడిలో ప్రదక్షిణము చేయునప్పుడు దారి మరతువా? నీ లారీకి ప్రదక్షిణము చేయుము. ఒక్కొక్క చోట నిలిచి అచ్చటి అవయవమును చేతితో తాకి, పేరు చెప్పి, అది యెట్లుండవలయునో చెప్పుము" అంటిని.

అట్లే మేము వరుస కట్టితిమి. మొదట దూరమున నిలిచి బండి ఒక వైపు ఒరిగినదా చూచుట. వంగి నేలమీద నూనె గాని నీరు గాని కారిన మచ్చ లున్నవా చూచుట. తరువాత ముందు భాగము. రేడియేటరు నీరు, కొలతపుల్ల పై నూనె, ఫ్యాను బెల్టు, దీపములు. పిమ్మట ప్రక్క. టైరు, దాని గాలి, చక్రపు నట్లు, కమాను పట్టీలు, గాలి బ్రేకు ట్యాంకులు, డీజిలు ట్యాంకు మూత. తరువాత వెనుక. జంట టైర్లు, ఎర్ర దీపములు, తలుపు గొళ్లెము, టార్పాలిను, మోకులు. మరల రెండవ ప్రక్క. కడపట పీఠమెక్కి అద్దములు, హారను, వాన తుడుచు పుల్ల, గాలి ఒత్తిడి చూపు ముల్లు, స్టీరింగు. పిమ్మట బండిని నాలుగు గజములు మెల్లగా కదల్చి బ్రేకు త్రొక్కి చూచుట. చివర కాగితములు.

వాడు రెండు దినములలో వరుస నేర్చెను. అప్పుడు నేను వానిని ప్రశ్నించితిని. "నట్టు చూచుట యనగా ఏమి చూచెదవు?" వాని సమాధానము నాకు గురువాక్యమైనది. "అయ్యవారూ, నట్టు చుట్టు త్రుప్పు చార కనబడినచో అది వదులై కదలుచున్నదని యర్థము. జంట టైర్లలో లోపలిదానికి గాలి పోయినను పైది మోయుచుండును గనుక కంటికి తెలియదు. కడ్డీతో కొట్టి విన్నచో తెలియును. రెండింటి నడుమ రాయి ఇరికినచో టైరును కోయును. గాలి బ్రేకు ట్యాంకులో నీరు చేరును, దానిని వదలవలయును. ఇంజను ఆపి, ముల్లు చూచుచు నిలిచినచో, గాలి ఎచ్చటనైన కారుచున్న ముల్లు దిగిపోవును." బండి ఆకును తట్టి విన్న తాత విద్యయే ఈ మనుమనికి టైరును కొట్టి వినుటగా వచ్చినది. పుస్తకము వానికి క్రొత్త జ్ఞానమీయలేదు. చెల్లాచెదరుగా నున్న జ్ఞానమునకు వరుస యిచ్చినది. ఈ రెండింటిలో ఏ యొక్కటి లేకున్నను చాలదు. వరుస యున్నను అర్థము తెలియనివాడు చిలుక. అర్థము తెలిసియు వరుస లేనివాడు తొందరలో మరచువాడు.

తొందరలో మహానిపుణులును మరతురనుటకు ప్రపంచ చరిత్రలో ఒక దృష్టాంతమున్నది. 1935 అక్టోబరు 30న అమెరికాలో ఒహాయో రాష్ట్రమున, నాలుగు ఇంజన్ల క్రొత్త బోయింగు విమానమును సైనికాధికారుల యెదుట ఎగురవేసి చూపిరి. అది లేచిన కొలది సేపటికే పడిపోయెను. ఇద్దరు నిపుణులు మరణించిరి. విచారింపగా యంత్రమున దోషమేమియు లేదు. విమానము నేలనున్నప్పుడు గాలికి తోకరెక్కలు కదలకుండ వేయు బిగింపును విప్పుట మరచిరి. దానిని నడిపినవాడు అనుభవము లేనివాడు కాడు. అప్పటినుండి ఎగురుటకు ముందు చూడవలసినవానిని కాగితముపై వరుసగా వ్రాసి, ఒకటొకటిగా చదివి చూచుకొను ఆచారము వైమానికులలో స్థిరపడెను. ఆ జాతి విమానములే తరువాత వేలకొలది నిర్మింపబడి యుద్ధమున పనిచేసెను.

ఆ దేశముననే 1986లో వచ్చిన చట్టముచే పెద్ద లారీలు నడుపువారికి దేశమంతట ఒకే కొలతగల పరీక్ష యేర్పడెను. అందు మొదటి ఘట్టము బండి నడుపుట కాదు, బండి చుట్టు తిరిగి చూచుట. అభ్యర్థి ఒక్కొక్క భాగమును వ్రేలితో చూపి, పేరు చెప్పి, అది పగులక, వంగక, విరుగక, కారక యున్నదని పరీక్షకునకు వినిపింపవలయును. అందులో తప్పినవానికి చక్రము పట్టుటకు అర్హత లేదు. సముద్రములకు ఆవలివారు చేయించు ఆ ప్రదక్షిణమునకును, మన మడకశిర బండివాడు వేకువను చేసిన ప్రదక్షిణమునకును భావమున భేదములేదు.

మన సీమలో ఆయుధపూజనాడు లారీకి పసుపు కుంకుమలు పెట్టి, అరటి పిలకలు కట్టి, చక్రము క్రింద నిమ్మకాయ లుంతుము. దీనిని నవ్వువారున్నారు. నేను నవ్వను. నిమ్మకాయ పెట్టుటకు వంగినవాడు వంగినందుకు ఆ టైరును గూడ చూచినచో పూజ సఫలము. నిమ్మకాయ పెట్టి, గడ్డము ఎత్తుకొని, పీఠమెక్కినచో అది నిమ్మకాయకు మాత్రమే హాని. ఏడాదికొకనాడు చేయు పూజకు దినదినము చేయు పరీక్ష ప్రాణము వంటిది. ప్రభుత్వమువారి ఫిట్‌నెస్ పత్రమును ఇట్టిదే. ఆనాడు బండి బాగున్నదని అది చెప్పును. ఈనాటి వేకువను గూర్చి అది చెప్పజాలదు. రాత్రి గుంతలో పడి పగిలిన కమాను పట్టీ పత్రములో నుండదు.

2015 జనవరి 7న మడకశిరనుండి పెనుకొండకు పోవు బస్సు లోయలో పడి పదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు చదువుకొనుటకు పోవు పిల్లలు. ఆ యేడు మన పల్లెలలో దీపము వెలుగని యిండ్లు మీరెరుగుదురు. అందు ఎవరి తప్పెంతయో తూచుట ఈ ప్రసంగమునకు పని కాదు. కాని ఒక్క మాట చెప్పక తీరదు. ధాత కరవునాడు బండి రాకున్న ఆకలిచే ప్రాణములు పోయెను. నేడు బండి వచ్చుచున్నది, అందు మన బిడ్డలే కూర్చుండి యున్నారు. పూర్వము బస్తాల కొరకు చేసిన పరీక్ష నేడు బిడ్డల కొరకు చేయవలసినదైనది.

కావున పెద్దలకు నా మనవి. మీరు లారీ నడుపువారు కారు. కాని లారీకి సరకు ఎత్తించువారు మీరు, పెండ్లికి బస్సు కుదుర్చువారు మీరు, జాతరకు ట్రాక్టరు పిలుచువారు మీరు. నేర్పులేనివాని బండి నెక్కినవారికిని నూరు పణముల దండన యని స్మృతి చెప్పినది మనలను గూర్చియే. "వేళ మించుచున్నది, త్వరగా కదలించుము" అని డ్రైవరును తరుముట మానుడు. వాడు బండి చుట్టు తిరుగు పావుగంట వృథాకాలము కాదు. వాడు తిరుగకున్నచో "నాయనా, టైర్లు చూచితివా? బ్రేకు త్రొక్కి చూచితివా?" అని అడుగుడు. పెద్దలు అడుగుదురని తెలిసినచో పడుచువాడు రేపటినుండి అడుగకయే చూచును. కొలతకు మించి సరకు ఎత్తింపకుడు. సరకు బండిపై మనుష్యుల నెక్కింపకుడు. మీ ఊరి పిల్లవాడు లైసెన్సు పరీక్షకు చదువుచున్నచో వానిని ఎగతాళి చేయక, పుస్తకము చేతబుచ్చుకొని వరుస అప్పగించుకొనుడు. వానికి యంత్రము తెలియును, మీకు వరుస తెలియును. ఇద్దరును కూడినచో చదువు పూర్తియగును.

నా శిష్యుడు పరీక్షలో గెలిచెను. ఇప్పుడు హిందూపురమునుండి బెంగుళూరునకు చింతపండు, బెల్లము తోలుచున్నాడు. గెలిచిన వార్త చెప్పుటకు వచ్చినప్పుడు నేను వానిని ఒక్కటే అడిగితిని. "పరీక్షకుడు లేని వేకువజామున, చలిలో, నిద్రకన్నులతో నున్నప్పుడును వంగి చూతువా?" వాడు కొంచెము సేపు ఊరకుండి, "చూచెదనయ్యవారూ, మొన్న ఒకనాడు లోపలి టైరు దొరికినది" అనెను.